కీమాన్ ఎన్క టార్చిలైటు

రాత్రి రెండు కొట్టంగనే లేస్తడు మా దేవవరం.
అలారం లేదు, ఎవ్వరు లేపరు.
రిటైరై పదహారేండ్లాయె,
డ్యూటీ మాత్రం ఇంకా ఆయన కాళ్లల్లనే ఉన్నది.
మంచం కిందికి చెయ్యి పోనిచ్చి
సుత్తె కోసం తడుముతడు.
సుత్తెను నేనే దాచిన.
దాని జాగల పప్పుగుత్తి పెట్టిన.
ఫరక్ తెల్వదు. దాన్నే భుజాన ఏస్కొని
తలుపు తీస్తడు.

మొదట్ల తాళం ఏసినం.
డాక్టర్ సాబ్ అట్లనే చెయ్యుమన్నడు.
తాళం కప్పను రెండు చేతుల పట్టుకొని ఏడ్చిండు,
"బండొస్తది, పట్టా చూడాలె, బండొస్తది" అని.
ఆ ఏడుపు నాతోని కాలే.
తాళంచెవి బియ్యం డబ్బల పారేసిన.
అప్పటిసంది ఆయన ముందల, నేను ఎన్క.

లాలాగూడ క్వార్టర్ల సందుల్లకెల్లి
మెట్టుగూడ దిక్కు.
టార్చి ఆయన మీద ఎయ్య,
ఆయన అడుగుకు జానెడు ముందల ఏస్త.
గుంత కనవడాలె, నేను కనవడొద్దు.
తిరిగి చూస్తె బెదురుతడు.
"ఎవరమ్మా నువ్వు?" అంటడు.
నలభై నాలుగేండ్ల సంసారం
ఆ ఒక్క మాట ముంగట
చెప్పులిడిసి నిలవడ్తది.

మెట్రో పిల్లర్ కాడ ఆగుతడు.
డివైడర్ ఇనుపకమ్మిని పప్పుగుత్తితోని కొడ్తడు.
టక్.
చెవి ఆనిచ్చి ఇంటడు.
మంచి పట్టా గంట లెక్క మోగుతదంట,
పగులుంటె దాని గొంతు బొంగురువోతదంట,
పెండ్లయిన కొత్తల చెప్పిండు.
"మంచిగనే ఉన్నది" అంటడు చీకటితోని.
నేను గూడ తలూపుత.

ఎన్ని బండ్లు పోయినయో ఆయన చూసిన పట్టాల మీదికెల్లి.
బెర్తుల మీద నోరు తెరిచి పండుకున్నోళ్లకు
కింద ఒకడు నడిచిపోయిండని ఎర్కనా?
ఆయన పేరు అడిగిన్రా?
బండి మాత్రం పోయింది.

ఆదివారం ఆరాధనల ఏమైందో చెప్పాలె.
అందరు ప్రభువు ప్రార్థన అందుకున్నరు,
ఈయన "పరలోకమందున్న" అని ఆగిండు.
ఆగి, నా మొఖం చూసిండు.
అప్పుడు నాకు దుఃఖం రాలే, కోపమొచ్చింది.
నా భర్తను తీస్కపోతివి, సరే.
నీ పేరు గూడ ఆయన నోట్లకెల్లి తీస్కుంటివా?
పిలిచెటోనికే పలుకుతవంటరు.
పిలుసుడే మర్చినోని సంగతేంది?
పాస్టరయ్యను అడిగిన.
అయ్య కండ్లద్దాలు తుడుసుకున్నడు.

మొన్న వానల టార్చి సచ్చిపోయింది.
నల్లగుడ్డ కప్పినట్టు గల్లీ.
నీళ్ల చప్పుడు, ఆయన చెప్పుల చప్పుడు.
చప్పుడు పట్టుకొని నడిచిన,
కాలువ దిక్కు ఒరుగుతుంటె దాపుకు పోయి
మోచెయ్యికి ఇట్ల ముట్టీ ముట్టకుంట తోసిన.
ఆయన సక్కగైండు. ఎవరు తోసిన్రో తెల్వదు.
గాలనుకున్నడేమో.

అక్కడ్నే నా కాళ్లు ఆగినయి.
ఈయన నన్ను పిలుస్తలేడు.
నా పేరు రిబ్కమ్మ అని యాది లేదు.
ఎన్క నేనున్ననని గూడ తెల్వదు.
అయితె, నేను లేనా?

చెప్పుతున్న గదా, అబద్ధమాడ.
నా ఎన్కకెల్లి గూడ
ఎవరో మెల్లగ, నా నడక చూస్కుంట నడుస్తున్నట్టు
ఈపుకు ఎర్కైంది.
తిరిగి చూడలే.
చూస్తె నేను గూడ
"ఎవరయ్యా నువ్వు?" అంటనేమోనని.

నాలుగ్గొట్టంగ ఇల్లు చేరినం.
ఆయన కాళ్ల బురద కడిగి, కొంగుతోని తుడిచిన.
దూరంగ మొదటి లోకల్ బండి చప్పుడు.
"పోయింది," అన్నడు, "మంచిగ పోయింది."
గోడ దిక్కు తిరిగి నిద్రపోయిండు.

కోపం పూర్తిగ పోలేదు.
దాన్ని గూడ ఎంబడేస్కొనే నడుస్తున్న.
పొద్దున పప్పుగుత్తి మంచిగ కడిగి
కందిపప్పు ఎనుపుకున్న.
యూసుఫ్ భాయ్ దుకాన్ల
బ్యాటరీలు తెచ్చుకోవాలె.