లస్కరు అడిగింది

సూర్యారావుపేట, మూడో అంతస్తు ల్యాబు.
అద్దంపలక మీద ఊదారంగు పూసుకుని
జాన్ సైదా థైరాయిడ్ గడ్డలోంచి తీసిన చుక్క.

ముప్పై ఏళ్లు బందరు కాలువ మీద లస్కరుగా చేసిన మనిషి.
"గొంతులో ఏమైందమ్మా?" అంటే
ఒక తూము తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోయింది, అన్నాను.
బయట ఎవరూ పిలవకపోయినా
పెరుగు పెరుగు అని కణం లోపలికి కేక పోతూనే ఉంది.

మాత్రతో ఆ దారి మూశారు.
రెండు నెలలు గడ్డ కరిగింది.
మూడో నెల, గడ్డం గీసుకుంటుంటే మళ్లీ వేలికి తగిలింది.

ఆయనకేం ఆశ్చర్యం లేదు.
"బందరు లాకు దించితే ఏలూరు కాలవ ఊరుకుద్దా?
నీళ్లు నీళ్లు మాట్లాడుకుంటయ్యమ్మా.
రాత్రిపూట గేటు మీద చెయ్యేస్తే తెలిసిద్ది."

నేను చదివిన కాగితాల్లో ఈ మాటకే
ఎన్ని బాణాలు గీశారో!
మొదటి దారి రెండోదాని నోరు నొక్కి ఉంచేదట,
మొదటిది మూతపడగానే
రెండోదానికి గొంతు లేచిందట.

ఈసారి డాక్టరుగారు రెండు మాత్రలు రాశారు.
చీటీ మడిచి జేబులో దోపుకుంటూ
గుమ్మం దగ్గర ఆగాడు:
"మరి రైవస్ కాలవ సంగతి?"

అద్దంపలకని మళ్లీ లెన్సు కిందికి జరిపాను.