పక్కపక్కనే రెండు

మా ఫారో దీవుల్లో పొగమంచు కురవదు, నడిచొస్తుంది.
సరస్సు దాటి, కంచె దాటి
తప్పిపోయిన గొర్రెలా
రన్‌వే మీదికొచ్చి పడుకుంటుంది.
తరిమితే పోదు.

రాత్రి రెండూ పది. రేడియోలో బిరితా:
"నలభై ఏడు ఆరింది. అంబులెన్స్ విమానానికి ఇంకా నలభై నిమిషాలు.
రన్‌వే మీకిస్తున్నాను."
అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.
సెలవు తర్వాత ఇదే తన మొదటి డ్యూటీ.

పవర్ గదిలో ఆ వరస కట్టేసి, తాళం వేసి,
తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.
అది నా దగ్గరున్నంతసేపు
టవర్‌లో ఎవరి వేలు జారినా నేను బతికే ఉంటాను.
"కరెంటుకి మొహమాటం ఉండదురా" అనేవాడు సీమున్.
ఈ చెవికి ఎర్ర పట్టీ కట్టి నా పేరు రాసిందీ అతనే,
ఒక అక్షరం తప్పు రాసిందీ అతనే.
దిద్దలేదు. ఇప్పుడిక దిద్దను.

దీపాలన్నిటిదీ ఒకే తీగ మీద కాపురం.
ఒకటి చచ్చినా మిగతావి చావకుండా
ప్రతిదాని కింద, నీళ్ళు నిలిచిన గుంటలో
రొట్టెముద్దంత నల్ల ట్రాన్స్‌ఫార్మరు.
నలభై ఏడు కింద చెయ్యి పెట్టి చూశాను:
కనెక్టర్‌లో ఉప్పు.
సముద్రం ఎక్కడికైనా వస్తుంది.

పాత దీపాలు వేడిగా వెలిగేవి,
తమ మీది మంచు తామే కరిగించుకునేవి.
కొత్తవి చల్లగా, పొదుపుగా వెలుగుతాయి;
వాటి మొహం మనమే తుడవాలి.

రూలు చిన్నది.
విడిగా ఒకటి ఆరితే విమానం దిగొచ్చు.
పక్కపక్కనే రెండు ఆరితే దిగకూడదు.
అందుకే నలభై ఏడు మార్చాక
నలభై ఎనిమిది దగ్గర కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఎవరూ అడగలేదు.

స్క్రూడ్రైవర్లు నాలుగు, స్పానర్లు మూడు, పాత దీపం ఒకటి.
పైకే లెక్కపెట్టాను.
రేడియో బటన్ మీద వేలు ఉండిపోయిందని
తర్వాత తెలిసింది.

తాళంచెవి తిరిగి మేకుకి తగిలించి:
"మనిషి, వ్యాను, పనిముట్లు బయట. రన్‌వే మీది."
తెల్ల వరస మేలుకుంది,
ఒక్క పన్నూ ఊడని నవ్వులా.

రేడియోలో సొంత కబుర్లు కూడవు.
"నలభై ఎనిమిది ఎలా ఉంది?" అనడిగాను.
తెర మీద కనబడుతూనే ఉంటుంది, అయినా
ఆ పిల్ల కొంచెం ఆలస్యం చేసింది.
"వెలుగుతోంది," అంది.
కాసేపాగి, "నాన్నలాగే లెక్కపెట్టారు. విన్నాను."

మంచులో ఎక్కడో ఇంజిను చప్పుడు.
చక్రాలు నేల తాకేదాకా
వ్యాను అద్దం తుడుస్తూనే ఉన్నాను.