మర్సిపోయే కర్ర

గాజువాక షెడ్డులో బల్ల మీద రెండు ప్రొపెల్లర్లు.
ఒకటి సెకండ్ హ్యాండ్ అల్యూమినియం,
పల్చటి అంచు, వానలో ఎగిరినా అరగదు.
ఇంకోటి ఆరు పొరల మహాగని, ఇంకా జిగురు వాసన.

భీమిలి పడవల వడ్రంగి తాతీలు
వేలి కణుపుతో రెండింటినీ తట్టాడు.
లోహం చాలాసేపు మోగింది.
కర్ర టక్కుమని ఊరుకుంది.

“ఇది మర్సిపోద్ది బాబూ.
అదుంది సూసేవా, తిన్న దెబ్బలన్నీ దాసుకుంటాది.
ఏదో రోజు గాల్లో ఒక్కపాలే సెప్పేస్తాది.”

వేగం కొంత తగ్గుతుంది, తగ్గనీ.
సముద్రపు తేమకి కర్ర ఉబ్బుతుంది, ఎండకి లాగుతుంది,
నెలనెలా బోల్టులు బిగించి చూడాలి.
చూస్తాను,
ఎలా ఉన్నావని అడిగినట్టు.

రెండోదాన్ని గోడకి తగిలించాను.
రాత్రి యారాడ వైపు కిటికీ తెరిస్తే
సన్నగా మోగుతోంది,
ఎక్కడ తిన్న దెబ్బో.