అడ్డగీత

కాకుటూరులో మా ల్యాబు కిటికీ తీస్తే
హైవే మీద కంటైనర్ల మోత.
మూస్తే నా మూడేళ్ల ఎక్సెల్ ఫైలు:
పన్నెండు రొయ్యల గుంటలు, రాత్రికి మూడుసార్లు ఆక్సిజన్.
"ఫైనల్", "ఫైనల్ రెండు", "ఇదే అసలు ఫైనల్"...
పేర్లు పెట్టింది నేనే.

గ్రాఫు ఒక్కటి గీసిస్తే చాలన్నాను కాలేషాతో,
దర్జీ ముందు జాకెట్టు గుడ్డ పడేసినట్టు.
కొలతలివ్వలేదు.
శుక్రవారానికి కావాలన్నాను.

అతను గీయలేదు. అడిగాడు:
"ఈ సున్నాలేంది మేడమ్?
గుంటలో గాలి నిజంగా సున్నా అయితే
తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలాల గదా.
ఆ నెల పట్టుబడి ముప్పై కౌంటు.
చచ్చిపోయినయ్యి ఇంత బాగా పెరుగుతాయా?"

పీహెచ్‌డీ నీదా నాదా అనబోయి
నాలుక కొరుక్కున్నాను.
కాదు, సగం అనేశాను.
మిగతా సగం అతనే పూరించుకుని
"గుంట కాడికి పోదాం పదండి" అన్నాడు.

ఇందుకూరుపేట దాటాక ఆటోలోకి ఉప్పుగాలి.
మూడేళ్లలో నేనిటు వచ్చింది నాలుగుసార్లు,
అదీ పగలు.

మోటారు షెడ్డులోంచి చెంగయ్య
బ్లీచింగు వాసనేసే నోటుబుక్కు తెచ్చాడు.
అంకెల మధ్య అక్కడక్కడా చిన్న అడ్డగీత.
"అదా? ఆ రాత్రి వాన.
కట్ట మీద కాలు నిలిస్తేనా!
సున్నా అంటే చూసినా, లేదు.
గీతంటే చూళ్లేదు.
రెండూ ఒకటెట్టవుతాయమ్మా?"

ఒకటి చేసింది నేను,
టైపు చేసే పిల్లాడికి
ఖాళీలు వదలొద్దని చెప్పి.

ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి.
కాలేషా బురదలో గొంతుక్కూచుని
పేజీ పేజీ ఫోటో తీస్తూ
తెలియని దానికి ప్రోగ్రాములో
వేరే చోటెట్టా కట్టాలో చెబుతున్నాడు,
నాకు కాదు, చెంగయ్యకి.
చెంగయ్య తలూపుతున్నాడు
తూము మరమ్మతు సంగతి విన్నట్టు.

నా మూడో అధ్యాయంలో
సెమినార్లలో వేలుపెట్టి మరీ చూపించే లోయ,
ఆక్సిజన్ అంత అందంగా పడిపోయే లోయ,
పదకొండు వాన రాత్రులు.
తీసేశాక మిగిలింది చదును.
ఏ జర్నలూ ముచ్చటపడని చదును.

ఇప్పుడు మంగళవారాలు కూర్చుంటాం.
ఇదెందుకు అని అతను, అదెట్లా అని నేను.
రొయ్య పొర ఎప్పుడు విడుస్తుందో అతనికి తెలుసు.
నేను రాసిన మొదటి లూపు
ఆగకుండా తిరిగి
ల్యాబు సిస్టమ్‌ని పడుకోబెట్టింది.
నవ్వలేదు అతను. చాలాసేపు నవ్వలేదు.

"కంప్యూటరు పనే గదమ్మా,
కృతజ్ఞతల్లో పెట్టు" అన్నారు గైడుగారు.
రెండో పేరుగా రాసి పంపాను.
ఇంకా జవాబు లేదు.

మూడో పేరు చోట
చెంగయ్య అని కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి
ఇంటిపేరు దగ్గర ఆగిపోయాను.
మూడేళ్లు. అడగనే లేదు.
ప్రస్తుతానికి అక్కడ
ఒక అడ్డగీత ఉంది.