తొంభై నాలుగు శాతం కాడ

పోచమ్మ మైదాన్‌ల మా డీటీపీ షాపు
షెటర్ సగమే లేపిన ఇయ్యాల.
లోపల రెండు మిషిన్లు ఎదురెదురుగ,
నడుమ నీలి రంగు వైరు.
ఒకటి పదమూడేండ్ల సంది మూల్గుతున్నది,
ఇంకోదానికి ప్లాస్టిక్ పొర సుత ఇప్పలే.

"గంటన్నర పడతదక్కా" అని
ఇర్ఫాన్ ఛాయ్‌కి పోయిండు.
తెర మీద ఆకుపచ్చ గీత కదులుతున్నది.
నాటు పెట్టేటోళ్లు వెనుకకు నడుస్తరు,
ఇది ముందుకు నడుస్తున్నది,
అంతే తేడా.

ఏమేమో పోతున్నయి అందులకెల్లి:
ఓడిపోయిన వార్డు మెంబర్లు, ఇంకా చేతులు జోడించుకునే ఉన్నరు;
"పెండ్లి కార్డు ఫైనల్", "ఫైనల్ రెండు", "ఇదే ఫైనల్ ఒట్టు";
తప్పిపోయిన బర్రె పాంప్లెట్, ఎడమ కొమ్ము వంకర;
మేడారం జాతరకు బెల్లం రేట్ల బోర్డు;
ఇంక సదానందం.

సదానందం ఎవరో నేను చూడలే.
ఆయన దశదిన కర్మ కార్డు మీదనే
పేరు చెరిపి పేరు, తేది చెరిపి తేది
కొట్టుకుంట వచ్చినం.
ఎంతమంది పోయినా ఫైలు పేరు సదానందమే.
ఒకసారి తొందర్ల కింది వరుస మార్చుడు మరిస్తే
గీసుకొండ ముసలమ్మకు
సదానందం కొడుకులే కొడుకులైన్రు.
ఆ ఇంటోళ్లు కోపం చెయ్యలే.
"ఉండనీ బిడ్డా,
ఏడ్చెతందుకు ఇద్దరు ఎక్కువైతే ఏమాయె."

కొత్తదాంట్ల ఒకటి తెరిచి చూసిన.
శుభలేఖ ఉండాల్సిన కాడ
డాలర్ గుర్తులు, తలకిందుల ప్రశ్నలు, సగం సగం కొక్కేలు.
"పాత ఫాంటు దీనికి తెల్వదక్కా"
అని పాత సీడీ కోసం సొరుగులన్ని దేవిండు ఇర్ఫాన్.
దొరికింది. ఎక్కిచ్చిండు.
కానీ క్ష్మికి ఏ మీట మీద ఏ మీట పడాల్నో
తెలిసింది నా వేళ్లకు.
వాటికి వైరు యాడ గుచ్చుతరు?

సెట్టింగులంటే ఏందో నాకు ఇయ్యాలనే తెలిసింది.
పాతదాంట్ల మౌసు బాణం నత్త తీరు నడిచేది.
అది కౌసల్యక్క పెట్టుకున్నది, ఆమె కుడి చెయ్యి వణికేది.
ఆమె పోయి ఏడేండ్లు.
ఆమె కార్డు కూడా సదానందం మీదనే కొట్టిన.
బాణం మాత్రం మార్చలే,
మార్చాలని యాదికే రాలే.
ఇప్పుడు కొత్త మౌసు ముట్టుకుంటే
తూనీగ లెక్క ఎగిరి తెర అంచుకు కొట్టుకున్నది.

తొంభై నాలుగు శాతం కాడ గీత ఆగింది.
ఒక్క ఫైలు పోతలేదంట,
పేరు మస్తు పొడుగున్నదంట.
ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు, కూడబలుక్కొని చదివిన:
"కౌసల్య జీతం అడ్వాన్సు పోను మూడు వేలు మిగిలింది
దసరాకు ఇస్తా అన్నడు శేఠ్ ఊరికి పోయిండు
వచ్చినంక అడగాలె మర్చిపోవద్దు"
తెరిస్తే లోపల ఏం లేదు.
ఖాళీ కాయితం.
మాటంతా పేరులనే పెట్టింది.

"దాటెయ్యక్కా, వట్టి ఫైలు" అన్నడు ఇర్ఫాన్.
వద్దన్న.
"అట్లయితే పేరు చిన్నగ చెయ్."

కార్డుల పేర్లు చిన్నగ చేసుడు నా రోజు పనే.
తాతలను ఒక్క అక్షరం చేసిన, ఇంటిపేర్లను చుక్క చేసిన.
కౌసల్య అన్నది తీసేసిన. జీతం తీసేసిన.
మూడు వేలు, దసరా, శేఠ్,
ఒక్కొక్కటే వెనుక మీట మీద నొక్కిన.
మర్చిపోవద్దు సుత తీసేసిన.
మిగిలింది
"వచ్చినంక అడగాలె".
రెండు సెకండ్లల పోయింది.

షెటర్ కింద ఎవరో వంగి తొంగి చూసిండు,
చేతిల ఫొటో, తడిసిన కవర్ల.
"అర్జెంటక్కా, ఎల్లుండికే. మా పెద్దనాయినది."
రమ్మన్న, స్టూలు జరిపిన.
ముందుగాల
మౌసు బాణం నెమ్మది చేసిన,
ఆయినంక సదానందాన్ని తెరిచిన.