ఐదు వేళ్లు

ఆల్బర్ట్ సరస్సు గాలికి నా బండి స్టాండు మీద నిలవదు.
చక్రానికి రాయి అడ్డం పెట్టి
గుమ్మం బయట నుంచే పిలిచాను, "అమోటీ!"
మా బున్యోరోలో మనిషిని ముందు ముద్దుపేరుతో పలకరించాలి,
రోగం సంగతి తర్వాత.

బ్యారుహాంగా తొడ ఎముకలో ఏముందో
హోయిమా ఆసుపత్రి కాగితాల్లో ఉంది.
ఎంత నొస్తుందో కాగితానికేం తెలుసు?
చెయ్యి చూపించమన్నాను.
పిడికిలైతే ఏమీ లేదని,
ఐదూ విప్పితే ఇక నావల్ల కాదని.

రెండు వేళ్లు చూపించాడు.
నలభై ఏళ్లు మనిషంత చేపల్ని లాగిన చెయ్యి,
రెండంటే రెండే.
వెనకాల మనవరాలు న్యకాటో
తాతకి కనబడకుండా
నాకు ఐదూ చూపించింది.

సీసా తీశాను.
ఎవరో నీళ్లు తాగి పారేస్తే, కడిగి ఆరబెట్టి నింపింది.
మార్ఫిన్, లేత పచ్చ రంగు.
"దీని వెనకే చావొస్తుందంటగా" అన్నాడు.
చావు దాని దారిన అదొస్తుంది, అమోటీ,
దానికి నా బండి అక్కర్లేదు.
నేనొచ్చింది నీ నిద్ర కోసం.

ఇంట్లో గడియారం లేదు.
తొలికోడికి ఒక కొలత,
పడవలు ఒడ్డుకొచ్చాక ఒకటి,
రేడియోలో మధ్యాహ్నం వార్తలకి ఒకటి,
దీపం పెట్టాక ఒకటి.
పడుకునేముందు మాత్రం రెండు,
నడిరాత్రి నొప్పి లేపకుండా.
వచ్చాక తాగడం కాదు, రాకముందే తాగాలి,
చేప పోయాక వల కుట్టి ఏం లాభమంటే
అప్పుడు తలూపాడు.
బొప్పాయి గింజలు ఎండబెట్టి నూరి పెట్టు,
ఈ మందుకి కడుపు బిగుస్తుంది అంటే
న్యకాటో కిసుక్కుమంది.
నవ్వకు పిల్లా,
అది ఓర్చుకోలేకే మందు మానేసి
మళ్లీ మూలుగుల్లో పడ్డవాళ్లని చూశాను.

ఎనిమిదో రోజు వెళ్లేసరికి
ఇంటి వెనక చాప మీద, ఒళ్లో వల.
నన్ను చూసి ఒక్క వేలెత్తాడు.
సంబరంగా పుస్తకం తీసి
ఒకటి అని రాసుకుంటుంటే,

"నీకు కాదు" అన్నాడు.
"అటు చూడు, ఆ పిల్ల వేసిన ముడి!
చేపేంటి, ఏనుగు దూరిపోతుంది."

మరి నొప్పో?

దారం పళ్లతో కొరికి
"ఉందిలే" అన్నాడు,
"చూపించడానికి చెయ్యి ఖాళీ లేదు."