కొసరు

బల్లలు ఆరు. ఏడోది కూడా ఉండేదట,
పెద్ద ఫ్రిజ్ కొన్న ఏడు అమ్మేశాడు సిట్కీ.
కరకోయ్‌లో ఇనుప సామాన్ల వీధి చివర
లంగర్లూ బోల్టులూ అమ్మే కొట్ల మధ్య
ఆవిరి పట్టిన ఒక గాజు తలుపు.
మెనూ లేదు. మూతలు ఎత్తి చూసుకోవడమే.
పన్నెండున్నరకి ఎర్రపప్పు సూపు,
ఒంటిగంటకి ఆలివ్ నూనెలో వాడిన బెండకాయ,
రెండు దాటి వెళ్తే మిగిలిందేదో అదీ,
దాంతోపాటు నాలుగు చీవాట్లూ.

ఇరవై రెండేళ్లుగా ఎదురు కొట్లో
తాళంచెవులు కోస్తున్నాను నేను.
నా కడుపుకి పచ్చడి పడదని నాకన్నా ముందు అతనికి తెలుసు.
డబ్బుల్లేని నెలల్లో నా పేరు
అతని పుస్తకంలో గొలుసుకట్టు రాతలో ఉంటుంది,
అతనికి తప్ప చదవడం ఎవరికీ చేతకాదు.
గిన్నె అంచుదాకా పోసి, బిల్లు రాసేశాక,
వద్దంటున్నా మళ్లీ ఒక గరిటె.
అది లెక్కలోకి రాదు.

మా వీధిలో గొలుసులు మీటర్ల లెక్కన అమ్ముతారు.
పోయిన శీతాకాలం ట్రామ్ స్టాపు దగ్గర తెరిచిందీ గొలుసే.
నగరమంతటా నూట నలభై కడియాలు,
ఏది తెగినా వెల్డింగ్ కనపడదు.
అదే పసుపు దీపం, అదే పాట, అదే ఉప్పు.
పిల్లలు బారులు తీరారు.
తాళ్లు అమ్మే బెహ్‌చెత్ రెండు వారాలు తిట్టాడు,
మూడో వారం మనవరాలి చెయ్యి పట్టుకుని
బొమ్మ ఇచ్చే పెట్టె కోసం లోపలికి నడిచాడు.
నేను మాత్రం పోనన్నాను.
అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

నిగార్ వెళ్లిపోయిన వారం.
నేనే కోసిచ్చిన తాళంచెవిని
చెప్పుల అర మీద, నాకు కనపడేలా పెట్టి వెళ్లింది.
సిట్కీ దగ్గరికి వెళ్తే మొదటి మాటే
"ఇంట్లో ఎలా ఉన్నారు?"
సూపు కన్నా ముందొస్తుంది ఆ మాట.
తలుపు దాకా వెళ్లాను. ఆవిరి. వెనక్కి తిరిగాను.

ట్రామ్ స్టాపు దగ్గర తెర మీద వేలు పెట్టాను.
నీ పేరేంటని అడగలేదు,
ఎనభై ఆరు అంది.
ఎంత హాయో చెప్పలేను.
ఎనభై ఆరుకి భార్య లేదు, కడుపునొప్పి లేదు,
కళ్లెందుకలా ఉన్నాయని దాన్ని అడిగేవాళ్లు లేరు.
ట్రే తీసుకుని మూలకి నడిచాను.

మూలలో, గోడవైపు తిరిగి, ఏప్రన్ లేకుండా సిట్కీ.
అతను కూర్చుని ఉండగా చూడడం అదే మొదటిసారి.
బంగాళాదుంప ముక్కలు ఒక్కొక్కటే
కెచప్‌లో ముంచి, నెమ్మదిగా,
పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా తింటున్నాడు.
తలెత్తాడు.
నేను నా ట్రే మీది కాగితం చదవసాగాను.
అతనూ అదే కాగితం చదివాడు.
తొంభై ఒకటి అని పిలిచారెవరినో.

మర్నాడు బల్ల దగ్గర కూర్చున్నాను.
సూపు వచ్చింది.
నిమ్మచెక్క వచ్చింది.
ఆ మాట రాలేదు.
రెండో గరిటె పోస్తుంటే
నేనూ మొదటిసారి వద్దనలేదు.
పక్కబల్ల వాళ్లని ఎప్పట్లాగే
పెళ్లిళ్లూ అప్పులూ మోకాళ్లూ అడుగుతున్నాడు.

పది రోజులకి నా కొట్టు మెట్టెక్కి
చేతిలో పాత తాళం పెట్టాడు.
కొత్తది బిగించాలట.
ఏ తలుపుకని అడగలేదు.
ఎవరిని బయట ఉంచడానికని
అసలే అడగలేదు.
మిషను కీచుమంటుంటే ఇత్తడి పొడి
ఇద్దరి చేతుల మీదా రాలింది.
రెండు చెవులు కోశాను,
ఒక్కదానికే డబ్బు తీసుకున్నాను.
రెండోది ఎందుకన్నాడు.
ఉండనీ, అన్నాను.